ఇంటి కంప్యూటరులో దాగిన వేగులవాడు



నేటి నా ప్రసంగవిషయము వినినంతనే మీలో కొందఱు "ఇది పట్టణములలోని కుఱ్ఱవాండ్రకు చెప్పవలసిన మాట, మన కెందులకు?" అని యనుకొనవచ్చును. 2024వ సంవత్సరము శ్రావణమాసము వఱకు నేనును అట్లే యనుకొంటిని. ఆ నెలలో మా యింట జరిగిన యొక సంగతి నా యభిప్రాయమును మార్చినది. అందు తప్పు నాది. నింద మాత్రము వేఱొకరి నెత్తిపై బడినది. ఆ కథ చెప్పినగాని విషయము బోధపడదు గనుక, కొంచెము సిగ్గు విడిచియే చెప్పుచున్నాను.

మాది గోదావరి డెల్టాలో కాలువగట్టు నానుకొనియున్న చిన్న గ్రామము. నేను ముప్పదినాలుగేండ్లు తెలుగు పండితుడనై పిల్లలకు పాఠములు చెప్పి, పదవీవిరమణానంతరము స్వగ్రామమునందే కాపురముంటిని. మా యల్లుడు నాకొక కంప్యూటరు కొనిపెట్టెను. దానిపై మొదట మా గ్రంథాలయపు పుస్తకముల పట్టికను వ్రాసితిని. పిమ్మట ఊరివారు ఒక్కరొక్కరుగా రాసాగిరి. "మాస్టారూ, మా అడంగలు ఒకసారి తీసిపెట్టండి" అని యొకరు, "మా 1-బి నకలు కావలెనండి" అని యొకరు వచ్చుచుండిరి. కాదనలేక అందఱికిని చేసిపెట్టితిని. కాలక్రమమున ఆ పెట్టెలో పదునొకండు కుటుంబములవారి పట్టాదారు పాసుపుస్తకముల నకళ్లు, ఆధారు కార్డుల ప్రతులు, బ్యాంకు పుస్తకముల మొదటి పుటలు చేరినవి. ఊరివారు దానిని తమ యింటి యినుప బీరువావలె నమ్మిరి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

మా కుమార్తె కొడుకు మా యొద్దనుండియే పదవ తరగతి చదువుచుండెను. వాడు వరలక్ష్మీవ్రతమునకు తల్లిదండ్రుల యొద్దకు హైదరాబాదు వెళ్లి, ఆగస్టు 18వ తేదీ ఆదివారమునాడు తిరిగివచ్చెను. మఱునాడు కంప్యూటరు తెఱచి చూచునప్పటికి దాని వాలకమే మాఱియున్నది. ఇంటర్నెట్టు తెఱవగానే వచ్చు మొదటి పుట స్థానమున ఎన్నడును చూడని వెదకుడు పుట యొకటి నిలిచినది. తెఱ కుడిమూలలో ప్రకటనలు సంతలోని కరపత్రములవలె వచ్చిపడుచున్నవి. నేనేమియు చేయకుండ కూర్చున్నను లోపలి విసనకఱ్ఱ గిఱ్ఱున తిరుగుచున్నది. ఒక కాగితము తెఱచుటకు రెండు నిమిషములు పట్టుచున్నది.

నేను వెంటనే మనుమని పిలిచి, "ఏ ఆట తెచ్చి పెట్టినావురా?" అని గద్దించితిని. "తాతయ్యా, నేనేమీ వేయలేదు" అని వాడనెను. నేను నమ్మలేదు. ఇంట కంప్యూటరు ముట్టువారు ఇద్దరే, అందొకడను నేను, నేను పెద్దవాడను, కావున దోషి వాడే యని తీర్పు చెప్పితిని. ఆ రాత్రి వాడు అన్నము సగమునందే విడిచి లేచెను.

ఇక అసలు విషయమునకు వత్తును. ఇట్టి పనులు చేయు ప్రోగ్రామును స్పైవేర్ అందురు. స్పై యనగా వేగులవాడు. వేర్ అనునది సాఫ్ట్‌వేర్ అను మాట యొక్క కొస. యజమానునకు తెలియకుండ ఇంట దూరి, ఆయన యేమి చూచుచున్నాడో, ఏమి వ్రాయుచున్నాడో, ఏ రహస్యపదము నొక్కుచున్నాడో కనిపెట్టి బయటివానికి చేరవేయుట దాని వృత్తి. కౌటిల్యుని యర్థశాస్త్రమును చదివినవారికి గూఢచారుల వేషములు తెలియును. విద్యార్థివలె తిరుగు కాపటికుడు, సేద్యము చేయు గృహస్థువలె నుండు గృహపతికుడు, వర్తకుని వేషమున వైదేహకుడు, జడలు ధరించిన తాపసుడు మున్నగువారిని అందు పేర్కొనియున్నారు. వేగులవాడు వేగులవానివలె కనిపించినచో వాని పనియే సాగదు గదా! కంప్యూటరులోని వేగులవాడును అట్లే ఉపకారి వేషముననే వచ్చును. ఉచితముగా పాటలిచ్చువానివలె, కాగితముల రూపము మార్చువానివలె, ఒక్కొక్కప్పుడు వైరసును తీసివేయు వైద్యునివలెనే వచ్చును.

ఇది నేటి వింత కాదు. 2003లో కూల్‌వెబ్‌సెర్చ్ అను నొకటి లోకములోని యెన్నియో కంప్యూటర్లలో దూరి మొదటి పుటలను మార్చి జనులను వేధించినది. దానిని ఎన్నిసార్లు తీసివేసినను క్రొత్త రూపముతో తిరిగివచ్చుచుండెను. హాలెండు దేశపు విద్యార్థి మెరైన్ బెల్లెకోమ్ దానిని తొలగించుటకై ప్రత్యేకముగా ఒక పనిముట్టును చేసి ఉచితముగా పంచెను. 2005లో సోనీ బీఎంజీ అను సంగీత సంస్థ అమ్మిన కొన్ని పాటల సీడీలు కంప్యూటరులో పెట్టగానే, యజమానుని కంటికి కనబడకుండ దాగు ప్రోగ్రామును లోపల వేయుచున్నవని మార్క్ రుస్సినోవిచ్ అను ఇంజనీరు ఆ యేడు అక్టోబరు 31న బయటపెట్టెను. ఆ సంస్థ ఆ సీడీలను వెనుకకు తీసికొనవలసి వచ్చినది. ఇప్పటి వేగులవారు కేవలము ప్రకటనలు చూపుటతో తృప్తిపడరు. లుమ్మా యను నొక దొంగప్రోగ్రాము 2025 మార్చి 16 మొదలు మే 16 వఱకు, రెండు నెలలలో, 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో చేరినట్లు మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రకటించినది. అది దోచునవి రహస్యపదములు, బ్యాంకు వివరములు.

ఇది ఇంటిలోనికి ఏ త్రోవను వచ్చును? గోడకు కన్నము వేసి వచ్చుట తక్కువ. తఱచుగా మనమే తలుపు తీసి పీట వేసి కూర్చుండబెట్టుదుము. ఏదో యొక ప్రోగ్రాము కావలసి ఇంటర్నెట్టులో వెదకుదుము. పైన కనబడునది అసలు వారి పుట కాక, డబ్బిచ్చి పెట్టించుకొన్న ప్రకటన కావచ్చును. దానిని నొక్కుదుము. తరువాత వచ్చు ప్రశ్నల నన్నింటిని చదువక, "అంగీకరించితిని, అంగీకరించితిని" అని నొక్కుకొనుచు పోవుదుము. ఆ గడులలో ముందుగానే టిక్కు పెట్టియుండును. కోరిన దొక ప్రోగ్రాము. దాని కొంగు పట్టుకొని వచ్చునవి మూడు. వెల పెట్టి కొనవలసిన దానిని తాళము పగులగొట్టి ఉచితముగా నిచ్చు స్థలములు ఇంతకంటె ప్రమాదకరములు.

ఇప్పుడు నేను చేసిన తప్పుడు వైద్యములను చెప్పెదను. మొదట ప్రోగ్రాముల పట్టిక తెఱచి, ఎఱుగని పేరొకటి కనబడగా తీసివేసితిని. ఆ సాయంకాలము అంతయు ప్రశాంతముగానే యుండెను. తెల్లవారి కంప్యూటరు వేయగా ఆ పుట మరల కూర్చుండియున్నది. రెండవనాడు బ్రౌజరునే తీసివేసి క్రొత్తగా వేసి, నా పేరుతో ప్రవేశించితిని. పది నిమిషములలో యథాప్రకారము. మూడవనాడు తెఱయంతయు ఎఱ్ఱబాఱి, "మీ కంప్యూటరునందు 312 దోషములున్నవి, వెంటనే రుసుము చెల్లించి బాగుచేయించుకొనుడు" అని వచ్చినది. నేను కంగారుపడి బ్యాంకు కార్డు చేత పట్టుకొంటిని. మా యింటావిడ చూచి, "పిలువని వైద్యుడు వీథిలో నిలుచుండి, మీకు జబ్బు చేసినది, డబ్బు ముందు తెండి అంటే ఇస్తారా?" అని యడిగెను. కార్డును జేబులో పెట్టుకొంటిని. ఆ హెచ్చరికయు వేగులవాని పనియే యని తరువాత తెలిసినది.

నా పూర్వశిష్యు డొకడు సమీపపు పట్టణములో కంప్యూటరు విద్య చెప్పుచున్నాడు. 24వ తేదీ శనివారము అతనిని పిలిపించితిని. జరిగిన దంతయు విని, "మాస్టారూ, తుంగ ఆకు త్రుంచినారు, గడ్డ త్రవ్వలేదు" అనెను. వ్యవసాయము చేయు మీకు ఈ మాట నేను వివరింపనక్కఱలేదు. తుంగను పైకి పీకినంత మాత్రమున చేను శుభ్రమైనట్లు కనబడును. భూమిలోని గడ్డ నాలుగు తడులలో మరల మొలకెత్తును. మొండి స్పైవేర్ స్వభావము సరిగా నదియే. అది ఒక్కచోట నుండదు. కంటికి కనబడు ప్రోగ్రాము ఆకు మాత్రమే. దానిని మరల మొలిపించు గడ్డలు నాలుగు తావులలో నుండవచ్చును.

మొదటి తావు ప్రారంభపట్టిక. కంప్యూటరు వేయగానే తమంత తాము లేచు ప్రోగ్రాముల పేర్లు అందుండును. టాస్క్ మేనేజరు అనుదానిలో ఈ పట్టికను చూడవచ్చును. విండోస్ తన నియమములన్నియు వ్రాసికొను రిజిస్ట్రీ యను దఫ్తరములోను ఇట్టి పేర్లుండును. రెండవ తావు టాస్క్ షెడ్యూలరు, అనగా వేళాపట్టిక. "ప్రతి గంటకొకసారి చూడుము; ప్రధాన ప్రోగ్రాము లేకున్నచో ఇంటర్నెట్టునుండి మరల తెమ్ము" అను ఆజ్ఞను వేగులవాడు అందు వ్రాసిపెట్టును. మూడవ తావు సర్వీసులు, అనగా తెఱవెనుక ఎల్లప్పుడును పనిచేయు సేవకులు. కొన్నిచోట్ల ఇట్టివారు ఇద్దరుండి యొకరి నొకరు కాచుకొందురు. ఒకనిని చంపగా రెండవవాడు బ్రతికించును. నాలుగవ తావు బ్రౌజరు. దానికి తగిలించుకొను ఎక్స్‌టెన్షన్లు, ప్రకటనలు పంపుట కిచ్చిన అనుమతులు, మధ్యవర్తి త్రోవయగు ప్రాక్సీ, ఇవన్నియు అందు చేరును. మన పేరుతో ప్రవేశింపగానే పాత యమరికలనన్నింటిని తిరిగి తెచ్చు సింక్ అను సౌకర్యము కూడ కలదు. నేను బ్రౌజరును క్రొత్తగా వేసినను పది నిమిషములలో రోగము తిరిగివచ్చుటకు ఈ సింకే కారణము.

ఇక నా శిష్యుడు చేసిన పనిని క్రమముగా వినుడు. వరుస తప్పినచో ఫలము తప్పును.

మొట్టమొదట ఇంటర్నెట్టు తెంపెను. వేగులవాడు వార్త పంపుటకును, క్రొత్త సరకు తెప్పించుకొనుటకును గల దారి యదియే గనుక దానిని ముందు మూయవలయును. రెండవది, నా రహస్యపదములను మార్పించెను. అయితే నా కంప్యూటరుపై గాక, తాను తెచ్చిన వేఱొక శుభ్రమైన యంత్రముపై మార్పించెను. దొంగ గదిలో నుండగా ఆ గదిలోనే క్రొత్త తాళము కొలత చెప్పుట తెలివితక్కువ గదా. ముందు ఈ-మెయిలు, తరువాత బ్యాంకు, ఆ తరువాత తక్కినవి. ఈ-మెయిలు ముందెందులకనగా, తక్కిన తాళములన్నియు మరల తీయుటకు అదియే తాళపుచెవి. రహస్యపదము మార్చుటతో ఆగక, "అన్ని యంత్రములనుండియు నన్ను బయటకు పంపుము" అను మీటను కూడ నొక్కించెను. దొంగ రహస్యపదము లేకుండనే, బ్రౌజరు దాచుకొను ప్రవేశచీటీలను ఎత్తుకొనిపోయి లోపల దూరగలడట.

మూడవది, ముఖ్యములగు కాగితములను వేఱొక డిస్కునకు నకలు తీసెను. వ్రాతలు, బొమ్మలు మాత్రమే. ప్రోగ్రాము లొక్కటియు తీసికొనలేదు. నాలుగవది, సేఫ్ మోడు. షిఫ్టు మీటను నొక్కిపట్టి రీస్టార్టు నొక్కినచో వచ్చు పుటలో, ట్రబుల్‌షూట్ త్రోవను పోయి స్టార్టప్ సెట్టింగులలో దీనిని ఎన్నుకొనవలయును. అప్పుడు విండోస్ తనకు అత్యవసరమైన సేవకులతోడనే లేచును. వేగులవారిలో పెక్కుమంది నిద్రలోనే యుందురు. నిద్రించువానిని పట్టుట సులభము. అందు మొదట ప్రోగ్రాముల పట్టికను తేదీవారీగా అమర్చి, అక్కఱలేనివి తీసివేసెను. పిమ్మట ఆటోరన్స్ అను పనిముట్టును వాడెను. ఇది ముందు చెప్పిన మార్క్ రుస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనువారు చేసినది. మైక్రోసాఫ్ట్ పుటలో ఉచితముగా దొరకును. తమంత తాము లేచు వానినన్నింటిని ఒక్కచోట చూపుట దాని గొప్పతనము. అయితే ప్రతి పేరును శత్రువే యని కొట్టివేయరాదు. తెలియనిదానిని మొదట టిక్కు తీసి ఊరకుంచి, నిశ్చయమైన పిమ్మట తొలగింపవలయును.

వేళాపట్టికను తెఱచినప్పుడు అతడు ఒక వరుసపై వ్రేలుంచి నన్ను పిలిచెను. ఏదో నవీకరణ సేవ యని పేరు పెట్టుకొని, గంటకొకసారి లేచు నాజ్ఞ యది. ఆ పట్టికలో ప్రతి యాజ్ఞకును అది పుట్టిన తేదీ యుండును. దీని యెదుట నున్న తేదీ 2024 ఆగస్టు 15. వేళ సాయంకాలము ఆఱు గంటల నలువది నిమిషములు. "ఆ వేళ కంప్యూటరు దగ్గర ఎవరున్నారు మాస్టారూ?" అని యడిగెను.

నా నోట మాట రాలేదు. ఆ సాయంకాలము మా యింటావిడ "రేపు వ్రతము, స్థిరలగ్నము ఎప్పుడో చూచి చెప్పండి" అనగా, గోడపై నున్న పంచాంగమును తీసి చూచుటకు సోమరియై, ఇంటర్నెట్టులో ఉచిత పంచాంగపు ప్రోగ్రామును వెదకి వేసికొన్నది నేనే. "అంగీకరించితిని" అని యైదాఱు పర్యాయములు నొక్కినదియు నేనే. అప్పటికి మనుమడు హైదరాబాదులో నుండెను. దిగుమతుల సంచిలో ఆ ప్రోగ్రాము యొక్క మూల ఫైలు ఇంకను పడియున్నది. దాని తేదీయు అదియే. వాడు తిరిగివచ్చిన మఱునాడు రోగము నా కంటబడినది గనుక, రోగము వాడు తెచ్చినదనుకొంటిని. వెనుక వచ్చినవానిని కారణ మనుకొనుట యెంత తప్పో న్యాయశాస్త్రము చెప్పుచునే యున్నది. నేను ముప్పదినాలుగేండ్లు పిల్లలకు నీతులు చెప్పి, ఇంట మాత్రము మఱచితిని.

తరువాతి పనులు త్వరగా జరిగినవి. ఆ యాజ్ఞను, దానితో నున్న సేవకుని, మూల ఫైలును తొలగించెను. బ్రౌజరులోని యెఱుగని ఎక్స్‌టెన్షనును తీసి, సింకులోని పాత యమరికలను తుడిపించి, ప్రకటనల అనుమతులను రద్దుచేసి, ప్రాక్సీని మాన్పెను. చివరకు మైక్రోసాఫ్ట్ డిఫెండరు యొక్క ఆఫ్‌లైన్ పరీక్షను నడిపెను. ఇది విండోస్‌లోనే యుండు సౌకర్యము; వేఱుగా కొననక్కఱలేదు. విండోస్ లేవకముందే పరీక్ష చేయును గనుక దాగినవాడు అబద్ధమాడుట కవకాశము తక్కువ. సుమారు పదునైదు నిమిషములు పట్టును. ఒక్క మాట: ఒకే యంత్రములో రెండు మూడు వైరసు నిరోధకములు ఒక్కసారి కాపలా కాయునట్లు వేయరాదు, కాపలావాండ్రు ఒకరిపై నొకరు కలియబడుదురు.

కథ ఇంతటితో ముగిసినదనుకొంటిని. 26వ తేదీ రాత్రి పండ్రెండు దాటినతరువాత నా ఫోనునకు బ్యాంకునుండి ఓటీపీ వచ్చినది. అయిదు నిమిషములకు మఱియొకటి. నేనేమియు కోరలేదు. శనివారమునకు పూర్వమే నా కార్డు వివరములు బయటికి పోయినవన్నమాట. ఓటీపీ నా చేతిలో నున్నందున పింఛను సొమ్ము నిలిచినది. వెంటనే బ్యాంకునకు ఫోను చేసి కార్డు ఆపించితిని. నా సొమ్ము నిలిచెను గాని, నిద్ర పట్టలేదు. ఆ పెట్టెలో పదునొకండు కుటుంబముల కాగితము లున్నవి.

ఉదయము శిష్యునితో చెప్పగా అతడు, "ప్రకటనలతో పోయినచో చేసిన చికిత్స చాలును. రహస్యపదములు దొంగిలించినవాడని తేలినప్పుడు ఆ యంత్రమును నమ్మరాదు, మొత్తము తుడిచి క్రొత్తగా వేయవలసినదే" అనెను. ఇది నేను మీకు చెప్పదలచిన ప్రధానమైన మాట. కొంత రోగమునకు మందు. కొంత రోగమునకు చేనంతయు దున్నుట. అతడు తన శుభ్రమైన కంప్యూటరుపై, కనీసము 8 జీబీ పట్టు పెన్‌డ్రైవులోనికి మైక్రోసాఫ్ట్ పుటనుండియే విండోస్‌ను దింపి, నా డిస్కులోని విభాగములనన్నింటిని చెఱిపి, క్రొత్తగా వేసెను. దాచిన కాగితములను పరీక్షించిన పిమ్మటనే తిరిగి పెట్టెను. మూడు గంటల పని. డిస్కును తుడిచినను పోక, యంత్రపు మూలఫలకములోనే దాగు వేగులవారును లేకపోలేదు. 2018లో ఈసెట్ అను సంస్థ లోజాక్స్ అనునట్టి దానిని కనిపెట్టి ప్రకటించినది. అయితే అట్టివి ప్రభుత్వకార్యాలయములవంటి పెద్ద వేటకు వాడునవి. మన యిండ్లకు వచ్చుట అరుదు. వానిని తలచుకొని భయపడ నవసరము లేదు.

మఱునాడు నేను పదునొకండిండ్లకును నడచివెళ్లితిని. "మీ కాగితములు నా కంప్యూటరులో నుండగా దొంగ దూరినాడు, వానిని తీసికొనిపోయినాడో లేదో చెప్పలేను" అని యున్నదున్నట్లు చెప్పితిని. బ్యాంకు ఖాతాను కనిపెట్టియుండుమని, ఓటీపీ యెవరికిని చెప్పవద్దని చెప్పితిని. ఆధారు వేలిముద్రలకు తాళము వేసికొను సౌకర్యమును ఉడాయ్ సంస్థ యిచ్చుచున్నది; కోరినవారికి ఎంఆధార్ ద్వారా దానిని చేయించితిని. పదిమంది నవ్వి, "మీరేమి చేస్తారు మాస్టారూ" అనిరి. ఒకరు మాత్రము తమ నకళ్లను తమ యెదుటనే తుడిచివేయుమని కోరిరి. ఆ తరువాత నా యింటికి కాగితము తేలేదు. వారిది తప్పనను. ఇప్పుడు నేను ఎవరి పని చేసినను, పని ముగియగానే ప్రతిని తుడిచివేసి పంపుచున్నాను. మొదటినుండి అట్లు చేయవలసినది.

పెద్దలారా, మీ యింట ఇట్టిది జరిగినచో చేయవలసినవి కొన్ని క్లుప్తముగా చెప్పెదను. సొమ్ము పోయినచో క్షణమైనను ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయుడు. అది సైబరు నేరములకై ప్రభుత్వ మేర్పఱచినది. బ్యాంకునకును వెంటనే తెలుపుడు. సొమ్ము దాటిపోకముందే ఆపుటకు తొలి గంటలే విలువైనవి. సొమ్ము పోకున్నను జాతీయ సైబరు నేరముల పుటలో ఫిర్యాదు వ్రాయవచ్చును. కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2017 ఫిబ్రవరి 21న సైబర్ స్వచ్ఛతా కేంద్రమును స్థాపించి, కంప్యూటరు శుభ్రపఱచు పనిముట్లను ఉచితముగా నిచ్చుచున్నది. ఒకరి కంప్యూటరులో అనుమతి లేక దూరుట మన దేశమున 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము క్రింద నేరము. మూడేండ్ల వఱకు ఖైదు, అయిదు లక్షల వఱకు జుల్మానా విధింపవచ్చును. కావున ఫిర్యాదు చేయుటకు సిగ్గుపడవలదు, సిగ్గుపడవలసినవాడు దొంగ.

ఇక రాకుండ జాగ్రత్తలు. విండోస్ అడుగు నవీకరణలను ఆపవలదు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంకను దానినే వాడువారు తెలిసినవారి నడిగి మార్గము చూచుకొనుడు. ప్రోగ్రామును చేసిన సంస్థ యొక్క సొంత పుటనుండి తప్ప దేనిని దింపుకొనవలదు. ప్రతి గడిని చదివి, అక్కఱలేని టిక్కు తీయుడు. ముఖ్యమైన కాగితములను వేఱొక డిస్కులో నకలుంచి, ఆ డిస్కును యంత్రమునుండి విడదీసి దాచుడు. "మీ కంప్యూటరు పాడైనది, మేము బాగుచేసెదము" అని ఫోను చేయువానికి, వాడెంత మర్యాదగా మాటలాడినను, యంత్రము పగ్గము లియ్యవలదు.

తుది మాట. శనివారము సాయంకాలము మనుమడు బడినుండి రాగానే వానిని పిలిచి, ఆ తేదీని చూపి, "తప్పు నాదిరా అబ్బాయీ" అని చెప్పితిని. వాడు తెఱవంక చాలసేపు చూచి, "ఆ రోజే నన్ను కూర్చోబెట్టి అడిగి ఉంటే, ఈ తేదీ నేనే చూపించేవాణ్ణి తాతయ్యా" అనెను. ఇప్పుడు మా యింట ఏ క్రొత్త ప్రోగ్రాము వేయవలసివచ్చినను ఇద్దరమును కలసి చదివినతరువాతనే అంగీకారము నొక్కుచున్నాము. మీ యిండ్లలోను పిల్లలు మీకంటె ఈ విద్య యెక్కువ యెఱుగుదురు. యంత్రము చెడినప్పుడు వారిని దోషులుగా నిలువబెట్టక, సలహాదారులుగా ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడని ప్రార్థించుచు, ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను.